పక్క రోలుకి కొన్న ఎన్‌కోడర్

మేనల్లుడికి పిల్లనివ్వనని నోటితో చెప్పడం అసిరయ్యకి ఇష్టం లేదు. ఇవ్వడం అంతకన్నా ఇష్టం లేదు.

మాట మాత్రం ఎప్పుడో ఇచ్చేశాడు. బిందుప్రియని ఊయలలో వేసిన నాడు చెల్లెలు అమ్మణ్ణి తన కొడుకు చినబాబుని చంకనేసుకొచ్చి, వాడి చేత ఊయల తాడు పట్టించింది. వాడు పట్టుకున్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. అసిరయ్య కూడా నవ్వి, "సరే, పిల్ల ఆడిదే" అన్నాడు. తాడు పట్టినవాడికే పిల్ల అన్నది వాళ్ళ వైపు ఆచారం. ఒడిశా సరిహద్దు ఊళ్ళ నుంచి టాటానగర్ వచ్చి పడినవాళ్ళు పండగలు మర్చిపోయారు, పాటలు మర్చిపోయారు. ఇది మాత్రం మర్చిపోలేదు.

అప్పటికి అసిరయ్య ఇంకొకరి షెడ్డులో వెల్డరు. ఇప్పుడు టాటానగర్ పక్కనే గమ్హరియాలో సొంత షెడ్డు ఉంది. అందులో ప్లేట్లు వంచే పెద్ద రోలింగ్ మెషిన్ ఉంది. దళసరి ఇనుప ప్లేటుని మూడు రోళ్ళ మధ్య పెట్టి, పక్క రోలుని కొద్దికొద్దిగా పైకి లేపుతూ గుండ్రంగా చుడతారు. ట్యాంకులకీ పెద్ద పైపులకీ పనికొస్తుంది. ఈ షెడ్డు చూసే అగ్రికో కాలనీ నుంచి సంబంధం కబురొచ్చింది. అచ్యుతరామయ్య అని పెద్ద ఉద్యోగం చేసిన మనిషి. కొడుకు దీపక్ ఇంజినీరు. వాళ్ళంతట వాళ్ళే అడిగారు. ఆ రోజు నుంచి అసిరయ్యకి చినబాబు నడక నచ్చడం మానేసింది. వాడు అన్నం తినే తీరు నచ్చడం మానేసింది.

వాడిలో వంక పెట్టడానికి ఏమీ లేకపోవడమే అసలు ఇబ్బంది. రైల్వేలో చేసే తండ్రి పోయినప్పటి నుంచి మామ షెడ్డులోనే ఉన్నాడు. ఇనుము తేవడం, సరుకు చేరవేయడం, ఆఫీసుల చుట్టూ తిరగడం, అన్ని బయటి పనులూ వాడివే. జీతం ఎంతిస్తే అంత. తాగడు. ఎదురు చెప్పడు. దానికి తోడు అమ్మణ్ణి. అసిరయ్య భార్య గౌరీదేవి పోయినప్పుడు బిందుప్రియ ఇంకా పాలు మరవలేదు. అమ్మణ్ణి ఆ పిల్లని రైలు పట్టాల పక్కన తను ఉండే బాగ్‌బేరా తీసుకుపోయి, బడి చదువు అయ్యేదాకా కన్నకూతురిలా పెంచింది. అలాంటి చెల్లెలి మొహాన వద్దనేస్తే బాగ్‌బేరాలో తెలుగు కుటుంబాలన్నీ ఉమ్మేస్తాయి. తప్పు తన వైపు కనపడకూడదు. వాడి వైపు కనపడాలి. అదీ నలుగురి ముందు.

ఆ వానాకాలం పక్క రోలు ఎన్‌కోడర్ చెడిపోయింది.

గుప్పెట్లో పట్టే డబ్బా అది. షాఫ్టుకి తగిలించి ఉంటుంది. షాఫ్టు ఎంత తిరిగిందో కంట్రోలర్‌కి చెబుతుంది, దాన్నిబట్టి రోలు ఎంత ఎత్తులో ఉందో తెరమీద కనపడుతుంది. పాతది ఎలాగూ నస పెట్టేది. కరెంటు పోయి వస్తే లెక్క మర్చిపోయేది. సగం వంగిన ప్లేటుని క్రేనుతో బయటికి లాగి, రోలుని కిందికంటా దించి, సున్నా పెట్టి మళ్ళీ మొదలెట్టాల్సి వచ్చేది. గమ్హరియా కరెంటు సంగతి చెప్పక్కర్లేదు.

ఆదివారం అమ్మణ్ణి ఎండురొయ్యల కూర పట్టుకుని వచ్చింది. వడ్డించి, ఎదురుగా కూర్చుంది.

"విశ్వకర్మ పూజకి అందరూ వత్తారు గదా అన్నయ్యా. అప్పుడే మాట బయట ఎట్టేద్దాం."

"ఎట్టేద్దాం. ముందు ఆడొక పని సేసి సూపించనీ."

"ఏటి పని?"

"పక్క రోలు పాడైనాది. కొత్త ఎన్‌కోడర్ ఆడే ఎంచుకుని తేవాల. మెషిన్ నడిచిందా, పూజ మర్నాడు అందరి ముందూ తాంబూలాలు. నడవలేదనుకో. ఒక డబ్బా కొనడం రానోడి సేతిలో షెడ్డు ఎలాగ ఎట్టను, పిల్లనెలాగ ఎట్టను? నువ్వే సెప్పు."

అమ్మణ్ణి ఆలోచించింది. అన్నయ్య అడిగినదాంట్లో అన్యాయం కనపడలేదు.

"అంతే గదా. సేత్తాడు. నువ్వు నేర్పితే సేత్తాడు" అంది.

అసిరయ్య నేర్పాడు. మర్నాడు చినబాబుని పిలిచి బల్ల మీద కూర్చోబెట్టాడు. పాత ఎన్‌కోడర్ వాడి చేతిలో పెట్టాడు.

"బాగ్‌బేరాలో పుట్టినోడివి. వ్యాగన్లు లెక్కెట్టడం వచ్చునేటి?"

"వచ్చు మావా."

"గేటు కాడ నిల్చున్నావు. గూడ్సు ఎల్తన్నాది. ఒకటి, రెండు, మూడు అని లెక్కెడతన్నావు. మధ్యలో కునుకట్టింది. లేచినాక ఎన్నో వ్యాగనో సెప్పగలవా?"

"సెప్పనేను."

"నీ సేతిలో ఉన్నది అదే. ఇంక్రిమెంటల్ అంటారు. దాటినవి లెక్కెడతాది, అంతే. కరెంటు పోతే కునుకే. మల్లీ మొదట్నుంచి రావాల. ఇప్పుడు వ్యాగన్ పక్కన పెయింటుతో నంబరు రాసుంటాది గదా. నువ్వు కునుకు తీసి లేచినా నంబరు సూసుకుంటే సాలు. ఏది ఎక్కడుందో తెలిసిపోద్ది. దాన్ని అబ్సల్యూట్ అంటారు. మనకి కావలసింది అది."

చినబాబు తలూపాడు. వాడి మొహంలో వెలుగు చూసి అసిరయ్యకి ఒళ్ళు మండింది. మామ తనని అల్లుడిగా తయారుచేస్తున్నాడని వాడి నమ్మకం.

"అందులో మల్లీ రెండు రకాలు. బండి మారినప్పుడల్లా నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యాయనుకో. వ్యాగన్ నంబరు తెలుస్తాది, ఏ బండో తెలీదు. సింగిల్ టర్న్ అంటే అది. ఒక్క సుట్టులో షాఫ్టు ఎక్కడుందో సెప్తాది, అది ఎన్నో సుట్టో సెప్పదు. మల్టీ టర్న్ అయితే రెండూ సెప్తాది."

"మరి మనకేది మావా?"

"షాఫ్టు ఎన్ని సుట్లు తిరుగుద్దో దాన్నిబట్టి. అది తరవాత. ముందు లోపలి సంగతి ఇను. గాజు బిళ్ళతో పనిచేసేదొకటి, అయస్కాంతంతో పనిచేసేదొకటి. దుమ్ములో అయస్కాంతందే మంచిదంటారు. కానీ మన క్రేను ప్లేటుని లేపేదే అయస్కాంతంతో. దాని పక్కన ఇంకో అయస్కాంతం ఎడితే ఏటవుద్దో తెలీదు. గాజుదే తే, దుమ్ము సొరకుండా మూత గట్టిగా ఉన్నది సూసి తే. ఈ పాతదాని షాఫ్టు లావు కొలుసుకుని ఎల్లు. కంట్రోలర్ వెనక రాసున్నది ఫోటో తీసుకెల్లు. ఆ రెండూ కలవకపోతే ఎంత మంచిదైనా చెత్తబుట్టకే."

అన్నీ నిజాలే. ఎక్కడా ఒక్క తప్పు లేదు. ఇన్ని నిజాలు చెప్పినవాడు ఒక్క అబద్ధం చెబితే ఎవడూ పట్టుకోలేడని అసిరయ్యకి తెలుసు.

ఆ అబద్ధం కూడా ఒకప్పటి నిజమే. మొదట్లో ఎన్‌కోడర్ గేరుబాక్సు చివర, నెమ్మదిగా తిరిగే షాఫ్టుకి ఉండేది. రోలు కింద నుంచి పైదాకా వెళ్ళినా ఆ షాఫ్టు ఒక్క చుట్టు పూర్తిగా తిరిగేది కాదు. తర్వాత గేర్లు అరిగి లెక్క తేడా వస్తుంటే, అసిరయ్యే దగ్గరుండి దాన్ని తీయించి రోలుని లేపే స్క్రూ చివరికి మార్పించాడు. పైన రేకు మూత వేయించాడు. ఆ స్క్రూ చుట్లకి చుట్లు తిరుగుతుంది. సెలవుల్లో షెడ్డుకి వచ్చి దాన్ని గేరుబాక్సు మీద చూసినవాడే అయినా, అది మార్చిన రోజుల్లో చినబాబు బాగ్‌బేరాలో తండ్రి కర్మ చేస్తున్నాడు. వచ్చాక బయటి పనుల్లో పడ్డాడు. మూత తీసి చూడాల్సిన అవసరం వాడికి రాలేదు.

సాక్చి బజారులో షాపు నుంచి చినబాబు ఫోన్ చేసినప్పుడు అసిరయ్య షెడ్డు ఆఫీసులో ఉన్నాడు. ఎదురు బల్ల దగ్గర బిందుప్రియ డ్రాయింగ్ గీస్తోంది. డిప్లొమా అయినప్పటి నుంచి షెడ్డు డ్రాయింగులన్నీ ఆమెవే.

"మావా, షాపాయన సింగిలా మల్టీయా అని అడుగుతన్నాడు. మన షాఫ్టు ఎన్ని సుట్లు?"

"ఏరా, ఆ గేరుబాక్సు నువ్వు సూడనిదేటి? రోలు కిందనుంచి పైకొచ్చినా ఆ షాఫ్టు ఒక్క సుట్టు తిరగదు. సింగిల్ టర్న్ సాలు. తెచ్చీ."

"అవును మావా. గుర్తున్నాది."

ఫోన్ పెట్టేసరికి బిందుప్రియ తలెత్తి చూస్తోంది.

"అది ఇప్పుడు స్క్రూ మీద ఉంది కదా నాన్నా. కొత్త బ్రాకెట్ నేనే గీశాను."

"నాకు తెలీదేటి?"

"తెలిసే చెప్పావా?"

అసిరయ్య కూతురి మొహంలోకి చూశాడు. చూపు తిప్పుకున్నది ఆమె కాదు.

"నీ డ్రాయింగ్ నువ్వు సూసుకో" అన్నాడు.

ఆమె పెన్సిలు పెట్టేసి బయటికి వెళ్ళింది. ఆఫీసు గోడ రేకుదే. అవతల మాట్లాడేది ఇవతల వినపడుతుంది.

"బావా, మల్టీ టర్న్ తీసుకో... లేదు, మారిపోయింది, ఇప్పుడు స్క్రూకి ఉంది... నేను చూశాను, అందుకే చెబుతున్నా... అయితే ఏదీ కొనకుండా వచ్చెయ్యి. వచ్చి మూత తీసి, షాఫ్టు మీద సుద్దతో గీత పెట్టు. రోలు లేపి చూడు. గీత ఎన్నిసార్లు తిరిగొస్తుందో నీకే కనపడుతుంది... నాన్నని అనుమానించడం ఏముంది అందులో? షాఫ్టుని చూడమంటున్నాను..."

తర్వాత చాలాసేపు అవతలివాడే మాట్లాడినట్టున్నాడు. అసిరయ్య కుర్చీని రేకు గోడ వైపు జరుపుకున్నాడు.

"ఆడదానికి నాకెందుకా?" అంది బిందుప్రియ. గొంతు పెరగలేదు. "ఠీక్ హై. మత్ సునో. వినకపోతే నీ ఇష్టం."

లోపలికి వచ్చి పెన్సిలు తీసుకుంది. మళ్ళీ డ్రాయింగ్ మీదికి వంగింది. అసిరయ్య లెక్క వేసుకున్నాడు. సాయంత్రం వాడు ఏది తెస్తాడో చూడాలి. మల్టీ టర్న్ తెస్తే ఇంకో దారి వెతకాలి.

చినబాబు చెమటలు కక్కుతూ వచ్చి డబ్బా బల్ల మీద పెట్టాడు. అసిరయ్య కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివాడు. గాజు బిళ్ళ. గట్టి మూత. షాఫ్టు లావు సరిగ్గా ఉంది. కంట్రోలర్‌కి కలిసేదే. సింగిల్ టర్న్.

"బాగున్నాది" అన్నాడు.

"బిందు ఏటేటో అన్నాది మావా. నాను మీ మాట దాటతానా?"

"దాటవు" అన్నాడు అసిరయ్య.

ఒక సుద్దముక్కతో తేలిపోయే పని. వాడు చెయ్యలేదు. మామ చెప్పాక చూడటమంటే మామని నమ్మనట్టవుతుందని చెయ్యలేదు. ఇంత వెన్నెముక లేనివాడికి పిల్లనిచ్చి ఏం లాభం అనుకున్నాడు అసిరయ్య. తను పన్నిన ఉచ్చులో పడినందుకు వాడినే అసహ్యించుకోవడం అతనికి ఏమంత కష్టం కాలేదు.

చినబాబుని కాండ్రాకి ప్లేట్లు తెమ్మని పంపేసి, ఆదిత్యపూర్ నుంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిపించాడు. అతను ఇచ్చింది బిగించి, సున్నా పెట్టి వెళ్ళిపోయాడు. కరెంటు ఉన్నంతసేపు ఏ బాధా లేదు. చుట్టు పూర్తయినప్పుడల్లా కంట్రోలర్ తనే ఒకటి కలుపుకుంటుంది. కరెంటు పోతేనే కష్టం. పాత కంట్రోలర్, దానికీ ఏమీ గుర్తుండదు. అందుకని అసిరయ్య ఒక యూపీఎస్ తెచ్చి దానికి తగిలించాడు. షెడ్డు చీకటైనా తెర మీద అంకె వెలుగుతూనే ఉండేది.

మెషిన్ బంగారంలా నడిచింది. ఆపరేటర్ మహతో చినబాబు భుజం తట్టాడు. అమ్మణ్ణి బాగ్‌బేరా అంతా చెప్పుకుంది. ముత్తయిదువులకి పెట్టడానికి జాకెట్టు ముక్కలు కొంది. బిందుప్రియ ఆ రోజుల్లో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. చినబాబు ఒకసారి ఆమె బల్ల దగ్గర ఆగి, "సూసినావా, నడుత్తన్నాది" అన్నాడు నవ్వుతూ.

"చూశాను" అంది.

చినబాబు ఇంకేదైనా అంటుందేమోనని నిలబడ్డాడు. ఆమె అనలేదు. ఆమె కూడా నిజం చెప్పకుండా ఊరుకుందన్న సంగతి అసిరయ్య గమనించాడు. తనకి భయపడి ఊరుకుందనుకున్నాడు.

విశ్వకర్మ పూజ నాడు గమ్హరియాలో ఏ షెడ్డులోనూ మెషిన్ తిరగదు. మెయిన్ స్విచ్ దించేస్తారు. కడిగి, సిందూరం పెట్టి, బంతిపూలు వేస్తారు. అసిరయ్య షెడ్డులో ఇంకొక అలవాటుంది. దేవుడు చూసే రోజున రోళ్ళు ఖాళీగా ఉండకూడదు, ఉంటే ఏడాదంతా ఖాళీగానే ఉంటాయని నమ్మకం. సగం వంగిన ప్లేటు ఒకటి రోళ్ళ మధ్య వదిలేసి దానికే పూలు వేస్తారు. ఆ ఏడు ఒక పార్టీకి చెయ్యాల్సిన ట్యాంకు ప్లేటుని ఉంచారు. యూపీఎస్ కూడా ఆపమని అసిరయ్యే చెప్పాడు.

"అదీ మెషినే గదా. దానికీ సెలవుండాల" అన్నాడు. చినబాబే వెళ్ళి ఆపాడు.

మర్నాడు పొద్దున్నే బంధువులు దిగారు. బాగ్‌బేరా నుంచి ఆటోల్లో వచ్చారు. విగ్రహాన్ని నదికి తీసుకెళ్ళే ముందు మెషిన్ తిరగాలి, కొబ్బరికాయ కొట్టాలి, ఆ తర్వాతే భోజనాలు. అమ్మణ్ణి పట్టుచీర కట్టుకుని, తాంబూలాల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని ముందు కుర్చీలో కూర్చుంది.

"నువ్వే నొక్కురా" అన్నాడు అసిరయ్య అందరికీ వినపడేలా. "నువ్వు తెచ్చిన ఎన్‌కోడర్. నీ సేత్తోనే మొదలెట్టు."

చినబాబు చేతులు తుడుచుకున్నాడు. మామ కాళ్ళకి దండం పెట్టాడు. మెయిన్ వేశాడు. తెర వెలిగింది. అంకె కనపడింది. ఏదో ఒక అంకె, చూడ్డానికి బాగానే ఉంది. అది రోలు నిజంగా ఉన్న ఎత్తు కాదు. చాలా కింద ఉన్నట్టు చెబుతోంది. మహతో కనుబొమలు ముడిచాడు. కానీ పళ్ళేలు, పూలు, ఇంతమంది మధ్య ఆగమనడానికి జంకాడు. చినబాబు కావలసిన ఎత్తు కొట్టి, బటన్ నొక్కాడు.

కంట్రోలర్ లెక్కలో ఇంకా కిందే ఉన్న రోలు, ఆగాల్సిన చోటు దాటి పైకి వెళ్ళింది. ప్లేటు మూలిగింది. గుండ్రంగా రావలసింది మధ్యలో విరిగినట్టు మడత పడింది. బంతిపూలు నలిగి కింద రాలాయి. లోపల ఎక్కడో ఏదో టప్పుమని తెగింది. మహతో దూకి ఎర్ర బటన్ కొట్టాడు.

పిల్లలు కుర్చీల వెనక్కి పరిగెత్తారు.

అసిరయ్య నెమ్మదిగా నడిచి వెళ్ళి రేకు మూత విప్పాడు. ఎన్‌కోడర్ మీద చీటీని వేలితో చూపించాడు.

"సింగిల్ టర్న్. స్క్రూ మీద సింగిల్ టర్న్. నీకు వ్యాగన్లతో సహా సెప్పినాను కదరా."

చినబాబు మూతలోపలికి చూశాడు. స్క్రూ చివర ఉన్న డబ్బాని మొదటిసారి చూశాడు.

"మావా, మీరే గదా... షాపు కాడనుంచి ఫోన్ సేసినాను. సింగిల్ సాలన్నారు. గేరుబాక్సు అన్నారు."

"ఫోన్ సేసినావు. ఏది తేవాల్నని అడిగినావు. మల్టీ తెమ్మన్నాను."

"నేదు మావా."

"అయితే నాను అబద్ధమాడతన్నానేటి? ఇంతమంది ముందు? పార్టీ ప్లేటు నాశనం సేసి, దేవుడికెట్టిన పువ్వులు నలగ్గొట్టి, ఇప్పుడు నా మీదికి తోత్తన్నావా?"

బంధువుల్లో ఒక ముసలాయన, "పెద్దోడి మీద నింద ఎయ్యకూడదు బాబూ" అన్నాడు. ఇంకెవరో అవునన్నారు. చినబాబు అందరి మొహాలూ చూశాడు. చివరికి వాడి చూపు బిందుప్రియ దగ్గర ఆగింది. వాడికి ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది.

"బిందు అక్కడే ఉన్నాది. ఆళ్ళ నాన్న మాట ఇన్నాది. అడగండి."

ఇది అసిరయ్య లెక్కలో లేదు. కూతురి వైపు చూడలేకపోయాడు. అమ్మణ్ణి పళ్ళెం పక్కన పెట్టి లేచింది. పిల్ల దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు సెప్పమ్మా. నీ మాటే నాకు సాలు. మీ నాన్న ఏటన్నాడు?"

బిందుప్రియ అత్త చేతిలోంచి చెయ్యి తీసుకోలేదు. చినబాబునే చూస్తూ చెప్పింది.

"నాన్న మల్టీ టర్న్ అనే చెప్పారు అత్తా. నేను కూడా మళ్ళీ ఫోన్ చేసి అదే చెప్పాను. ఆడదానికి నీకెందుకు అన్నాడు."

"అన్నావురా?" అంది అమ్మణ్ణి కొడుకుతో.

"అన్నాను, కానీ..."

వాడు ఆగిపోయాడు. ఆ రెండో ముక్క నిజం. దాన్ని కాదనడానికి వాడికి నోరు రాలేదు. అది నిజమైనప్పుడు మొదటిది అబద్ధమని ఎవరు నమ్ముతారు? వాడు కాసేపు నేల మీద నలిగిన పూలు చూస్తూ నిలబడ్డాడు. మామ అబద్ధమాడడు. బిందు ఆడదు. ఇద్దరూ ఒకటే చెబుతున్నారు. మిగిలింది తనొక్కడు. అసిరయ్య ఎదురుగా నిలబడి, వాడి మొహంలో ఆ లెక్క తేలడం చూశాడు.

"నానే తప్పుగా ఇన్నాను కాబోలు మావా" అన్నాడు చినబాబు. "షాపులో గోలగా ఉన్నాది. తప్పయిపోనాది."

వంగి మళ్ళీ కాళ్ళకి దండం పెట్టాడు. అసిరయ్య కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

"పోనీలే. కానీ మీ అమ్మకి నాను సెప్పిన మాట ఒకటుంది. పని సేత్తే తాంబూలాలు అన్నాను. సెల్లీ, గుర్తున్నాదా?"

"ఉన్నాది" అంది అమ్మణ్ణి. పళ్ళెంలో తమలపాకుల మీద చీర కొంగు కప్పింది. బిందుప్రియ తల మీద చెయ్యి వేసింది. "నువ్వు అబద్ధమాడవమ్మా. నాను పెంచిన పిల్లవి. నా కొడుకే నీకు తగడు."

కొడుకు రెక్క పట్టుకుని గేటు వైపు నడిపించుకుపోయింది. భోజనానికి ఆగమని ఎవరూ అనలేదు.

మధ్యాహ్నానికి బంధువులు తిని, విగ్రహాన్ని వ్యాన్‌లో ఎక్కించుకుని ఖర్కాయి నది వైపు వెళ్ళిపోయారు. డప్పులు దూరమయ్యాయి. అసిరయ్య ఆఫీసులో చేరబడి కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఒళ్ళు తేలిగ్గా ఉంది. బిందుప్రియ విస్తరాకులు ఎత్తించి లోపలికి వచ్చింది.

"నా కూతురివనిపించినావు" అన్నాడు. "ఆదివారం అగ్రికో వాళ్ళొత్తన్నారు. మంచి సీర ఒకటి కొనుక్కో."

"ఫోన్ చేసి రావద్దని చెప్పు."

"ఏటి?"

"ఇప్పుడే చెయ్యి. స్పీకర్ పెట్టు."

"పిచ్చెక్కిందేటే? నీకోసమే గదా ఇదంతా సేసినాను."

"నువ్వు చేసింది నీకోసం. నేను చేసింది నాకోసం. సుద్దముక్క పట్టుకుని చూడమని బతిమాలాను. చూడలేదు. ఆడదాని మాట అన్నాడు. ఇప్పుడు ఆ ఆడదాని మాట మీదే పోయాడు. అది నాకూ వాడికీ మధ్య. నువ్వు అందులోకి రాకు."

"ఆణ్ణి వద్దన్నదానివి, మరి దీపక్..."

"బావ వద్దంటే దీపక్ కావాలని ఎవరన్నారు?"

అసిరయ్య బల్ల మీద చెయ్యి కొట్టాడు. "సెయ్యను. ఏటి సేత్తావు?"

బిందుప్రియ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. కోపం లేదు ఆమె మొహంలో. ఆమె మొహంలో ఏమీ లేదు.

"బాగ్‌బేరాకి ఆటోలో వెళ్ళిపోతాను. అత్తకి నా మాట చాలు. ఇందాక అందరి ముందూ చెప్పింది, విన్నావుగా. పొద్దున ఒకటి చెప్పాను, నమ్మింది. సాయంత్రం రెండోది చెబుతాను. నాన్న బెదిరిస్తే చెప్పానంటాను. అదీ నమ్ముతుంది."

"ఆళ్ళ కొడుకు బతుకు పాడుసేసినదానివి నువ్వు కూడా. నిన్నూ ఉమ్మేత్తారు."

"ఉమ్మనీ. నేను తుడుచుకుంటాను. నువ్వు తుడుచుకోగలవా?"

అసిరయ్యకి అప్పుడు అర్థమైంది. భయపడి ఊరుకున్న పిల్ల కాదు ఇది. అన్ని రోజులూ పక్కనే కూర్చుని, ఎక్కడ నొక్కాలో చూసుకున్న పిల్ల. ఫోన్ తీశాడు. స్పీకర్ పెట్టాడు.

"చెప్పండి అసిరయ్యగారూ" అంది అచ్యుతరామయ్య గొంతు ఉల్లాసంగా. "ఆదివారం నాలుగింటికల్లా బయల్దేరుతున్నాం. మా ఆవిడ అప్పుడే స్వీట్లు కూడా చెప్పేసింది."

"రావద్దండి" అన్నాడు అసిరయ్య.

"ఏమండీ? ఏమైనా ఇబ్బందా?"

అసిరయ్య కూతురి వైపు చూశాడు. ఆమె ముందుకు వంగి, తండ్రికి మాత్రమే వినపడేలా అంది. "పిల్లకి ఇష్టం లేదనకు. నాకిష్టం లేదను."

"నాకే ఇష్టం లేదండి."

అవతలి గొంతులో ఉల్లాసం పోయింది. "కారణం తెలుసుకోవచ్చా?"

ఏ వంకా లేనివాడి నెత్తిన వంక తయారుచేసి పెట్టిన అసిరయ్యకి, ఇప్పుడు నోటికి ఒక్క కారణం రాలేదు. బిందుప్రియ సాయం చెయ్యలేదు.

"మాట మార్చే మనుషులని ముందే ఎవరో చెప్పారు" అన్నాడు అచ్యుతరామయ్య. "మేమే వినలేదు." లైను తెగింది.

బిందుప్రియ లేచి, మేకుకి తగిలించిన తోలు గ్లౌజులు తీసుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, "మహతో, క్రేన్ లాఓ. ప్లేట్ నికాల్నా హై" అని కేకేసింది. తర్వాత వెనక్కి తిరిగింది.

"మల్టీ టర్న్ సాక్చి షాపులో ఒకటే ఉందట. పూజ ముందు రోజే ఫోన్ చేసి పక్కన పెట్టించాను. వెళ్ళి పట్టుకురా."

"నానేటి?"

"మరెవరు? బయటి పనులు చూసేవాడు లేడుగా."

బయట క్రేను కదిలిన చప్పుడైంది. మడతపడ్డ ప్లేటుని రోళ్ళ మధ్య నుంచి లాగుతుంటే ఇనుము ఇనుముని గీరుతోంది. అసిరయ్య లేచి, చెప్పులు తొడుక్కుని, సాక్చి ఆటో కోసం రోడ్డు మీదికి నడిచాడు.